గాయపడిన ఆటగాడు - జట్టు ఎంపిక వ్యూహం: 1962 జకార్తా ఆసియా క్రీడల్లో రహీం నిర్ణయానికి హైదరాబాదు నేపథ్యం

వ్యాససంగ్రహం:

ముఖ్యమైన ఆటగాడు గాయపడినప్పుడు జట్టు చేసే ఎంపికలు ఆ జట్టును నిర్మించిన పద్ధతిని బయటపెడతాయి. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫుట్‌బాల్ పోటీల్లో వెనుక వరుస ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం అతణ్ణి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. క్రీడాసాహిత్యం ఈ నిర్ణయాన్ని మెరుపులాంటి ఊహగా వర్ణిస్తూ వచ్చింది. దీని మూలాలు హైదరాబాదు పాఠశాలల్లో, నగర పోలీసు జట్టులో రెండు దశాబ్దాలపాటు సాగిన శిక్షణ పద్ధతిలో ఉన్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హైదరాబాదు ఫుట్‌బాల్, సయ్యద్ అబ్దుల్ రహీం, సిటీ పోలీస్ జట్టు, గాయం, ఎంపిక, డ్రాఫ్ట్, పాతబస్తీ.

1. ఉపోద్ఘాతం

అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్‌లో కొత్త ఆటగాళ్ళను జట్లకు పంచే ఏర్పాటును డ్రాఫ్ట్ అంటారు. గత సంవత్సరం వెనుకబడిన జట్లకు ముందుగా ఎంచుకునే అవకాశం దక్కేలా దాన్ని రూపొందించారు. ఈ ఏర్పాటులో గాయం రెండు విధాలుగా పనిచేస్తుంది. ఒకటి, ఎంపిక కాబోయే ఆటగాడి శరీరచరిత్ర అతని విలువను నిర్ణయిస్తుంది. 1984లో పోర్ట్‌లండ్ జట్టు రెండవ ఎంపికగా శామ్ బౌవీని తీసుకుంది. అతడు కాలి ఎముక విరిగి కళాశాల రోజుల్లోనే రెండు సీజన్లు పూర్తిగా ఆటకు దూరమైనవాడు. ఆ జట్టుకు పొడవైన మధ్య ఆటగాడు అవసరం. అతడికి బదులు వదులుకున్న మైకేల్ జోర్డాన్ మూడవ ఎంపికగా షికాగోకు వెళ్ళాడు. రెండు, సొంత ఆటగాడి గాయం జట్టు భవిష్యత్తునే మార్చివేయగలదు. 1996-97లో శాన్ ఆంటోనియో జట్టు మూలస్తంభం డేవిడ్ రాబిన్సన్ గాయాల వల్ల 6 ఆటలు మాత్రమే ఆడాడు. జట్టు 20 గెలిచి 62 ఓడింది. ఆ ఓటమి వల్లనే 1997 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక లభించి, టిమ్ డంకన్ ఆ జట్టులో చేరాడు. 1999లో ఆ జట్టు విజేత అయింది.

ఈ రెండు సందర్భాల్లోనూ గాయానికి సమాధానం జట్టు బయటినుండి వస్తుంది. అంగడిలో కొత్త సరుకు ఉంటుంది, ఎంచుకునే వరుస ఉంటుంది, వచ్చే సంవత్సరం ఉంటుంది. బయటి ద్వారం మూసుకుపోయిన జట్టు ఏం చేస్తుంది? పోటీల మధ్యలో, పరాయి దేశంలో, ఉన్న కొద్దిమందితోనే ముగించవలసిన జట్టుకు ఎంపిక వ్యూహం అంటే అర్థం ఏమిటి? తెలుగు ప్రాంతపు క్రీడాచరిత్రలో ఈ ప్రశ్నకు బలమైన ఉదాహరణ జకార్తాలో దొరుకుతుంది. దాని వేళ్ళు మాత్రం మూసీ ఒడ్డున ఉన్నాయి.

2. మూసీకి ఇరువైపులా: ఉపాధ్యాయుడు, పోలీసులు

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఎ. చదివి ఉపాధ్యాయవృత్తి చేపట్టారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల ఆయన పనిచేసిన చోట్లు. వ్యాయామవిద్యలో డిప్లొమా తీసుకున్నారు. స్థానిక లీగులో ఖమర్ క్లబ్బు తరఫున ఆడారు. ఇవాళ్టికీ ఆయన పేరుకు ముందు 'రహీం సాబ్' అనే పిలుపే హైదరాబాదీల నోట వినిపిస్తుంది. ఆ పిలుపులో శిక్షకుడికంటె బడిపంతులే ఎక్కువగా కనిపిస్తాడు. జట్టును ఆయన తరగతిగదిలా చూశారనడానికి ఇది చిన్న సాక్ష్యమే అయినా విలువైనది.

1940ల తొలినాళ్ళలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా, నగర పోలీసు జట్టు శిక్షకుడిగా ఆయన బాధ్యతలు స్వీకరించారు. నగర పోలీసు కమిషనరు కార్యాలయం చాలాకాలం పాతబస్తీలోని పురానీ హవేలీలో నడిచింది. సంస్థాన కాలం నుండి పోలీసు శాఖే ఆటగాళ్ళకు కొలువు, కూడు, గుర్తింపు. అందుకే హైదరాబాదు తరహా 'డ్రాఫ్ట్' నిజానికి కానిస్టేబుల్ ఉద్యోగ నియామకమే. బస్తీల మైదానాల్లో, బడి జట్లలో మెరిసిన కుర్రవాడు పోలీసు ఉద్యోగంలోకి వచ్చేవాడు. వచ్చినవాడు ఏటేటా మారిపోడు, ఉద్యోగం ఉన్నన్నాళ్ళు అక్కడే ఉంటాడు. సొంత గడ్డపై కొత్తవారు తేలిగ్గా దొరకరు కాబట్టి ఉన్నవారినే పలు పనులకు తయారు చేసుకోవలసి వచ్చింది.

ఆ తయారీ పద్ధతిని గురించి రహీం శిష్యుల జ్ఞాపకాలు, క్రీడా పాత్రికేయుల రచనలు దాదాపు ఏకకంఠంగా చెప్పే విషయాలు కొన్ని ఉన్నాయి. ఆయన డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు నిర్వహించారు. బంతిని కాళ్ళ మధ్య పెట్టుకుని ముందుకు ఉరికే అలవాటున్నవాడు అక్కడ ఒక్క తాకుతో పక్కవాడికి అందించక తప్పదు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు, పొట్టివారికి ప్రత్యేకమైన పోటీలు కూడా పెట్టారు. కుడికాలి ఆటగాడికి ఎడమకాలు నేర్పడమంటే అతణ్ణి మైదానంలో రెండవ స్థానానికి సిద్ధం చేయడమే. ఒక్క తాకు ఆట అలవడితే, ఒక స్థానంలోని మనిషి మారినా బంతి ప్రవాహం ఆగదు. ఈ రెంటినీ కలిపి చూసినప్పుడు ఆ పోటీల్లో కేవలం నైపుణ్యవృద్ధిని మాత్రమే చూడడం సరిపోదు. మనుషుల కొరతను ఎదుర్కొనే ఏర్పాటు అందులో దాగి ఉంది. ఈ కోణాన్ని క్రీడాచరిత్రకారులు తగినంతగా పట్టించుకోలేదనే చెప్పాలి.

ఫలితాలు తెలిసినవే. 1950 నుండి 1954 వరకు వరుసగా 5 రోవర్స్ కప్పులు, 1950లో డ్యూరాండ్ కప్పు, తర్వాత మరికొన్ని డ్యూరాండ్ విజయాలు. సంతోష్ ట్రోఫీలో 1956-57, 1957-58 సంవత్సరాల్లో హైదరాబాదు విజేత. రాష్ట్రావతరణ తర్వాత పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు పేరుతో 1961లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచింది. ఈ పేర్లూ అంకెలూ హైదరాబాదు ఫుట్‌బాల్ మీద వెలువడిన ప్రతి వ్యాసంలోనూ కనిపిస్తాయి కనుక ఇక్కడ వాటిని ఇంతకంటె పెంచనవసరం లేదు.

ఒక ఉదాహరణ మాత్రం ప్రస్తుతాంశానికి పనికొస్తుంది. సికిందరాబాదు సమీపంలోని అమ్ముగూడలో పుట్టిపెరిగిన తులసీదాస్ బలరాం పేదకుటుంబం నుండి వచ్చినవాడు. శిక్షణకు నగరం దాకా రావడానికి డబ్బులేదని చెబితే, అద్దె సైకిలుకు కావలసిన డబ్బు రహీం ఇచ్చారని బలరాం పలు సందర్భాల్లో గుర్తుచేసుకున్నాడు. వేలంలో కోట్లు పలికే కాలం నుండి చూస్తే ఒక గొప్ప ఆటగాడి ఎంపిక ఖరీదు అద్దె సైకిలు కిరాయి. ఎంపిక అంటే అప్పట్లో కొనడం కన్నా కనిపెట్టడం ఎక్కువ.

3. జకార్తా: కుట్లు పడిన తల, ముందుకు జరిగిన స్థానం

1962 ఆగస్టు 24 నుండి సెప్టెంబరు 4 వరకు జకార్తాలో నాలుగవ ఆసియా క్రీడలు జరిగాయి. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు దూరంగా ఉంచడాన్ని భారత క్రీడాధికారి గురుదత్ సోంధీ ప్రశ్నించడంతో స్థానిక ప్రేక్షకుల ఆగ్రహం భారత క్రీడాకారుల మీదికి మళ్ళింది. ఫుట్‌బాల్ జట్టు తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఆ తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి సెమీఫైనల్ చేరింది.

థాయిలాండ్‌తో ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమై 6 కుట్లు పడ్డాయి. జర్నైల్ స్థానం స్టాపర్, అంటే రక్షణ వరుసకు నట్టనడుమ నిలిచి ప్రత్యర్థి సెంటర్ ఫార్వర్డ్‌ను అడ్డుకునేవాడు. గాలిలో వచ్చే ప్రతి బంతినీ అతడు తలతో తిప్పికొట్టాలి. ఆ పనికి తల ఆయుధం వంటిది. ఆయుధమే దెబ్బతింది. ఎప్పుడు తలతో కొట్టాలో ఎప్పుడు వదిలివేయాలో తేల్చుకునే స్వేచ్ఛ స్టాపర్‌కు ఉండదు, ఎదుటివాడు పంపిన బంతికి అతడు జవాబు చెప్పవలసిందే. సెంటర్ ఫార్వర్డ్‌కు ఆ స్వేచ్ఛ కొంత ఉంటుంది. కాలితో ఆడదగిన బంతికోసం అతడు ఎదురుచూడగలడు.

రహీం ముందు మూడు మార్గాలు ఉన్నాయి. జర్నైల్‌ను పక్కన కూర్చోబెట్టి అతని స్థానంలో మరొకరిని ఆడించడం సులువైనది. గాయంతోనే అదే స్థానంలో ఆడించడం ప్రమాదకరమైనది. ఆయన మూడవది ఎంచుకున్నారు. స్టాపర్ బాధ్యతను అరుణ్ ఘోష్‌కు అప్పగించి, జర్నైల్‌ను దాడి వరుస నడుమకు పంపారు. కళాశాల రోజుల్లో జర్నైల్ సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడిన సంగతి ఆయనకు తెలుసు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై భారత్ 3-2తో గెలిచింది. చునీ గోస్వామి రెండు గోల్స్ చేయగా మూడవది జర్నైల్‌ది.

ఇక్కడ ఆగి ఆలోచించవలసిన విషయం ఉంది. కుట్లతో ఉన్న ఆటగాణ్ణి ముందు వరుసకు పంపడమే ఈ నిర్ణయమైతే, దాన్ని సాహసం అని తేల్చవచ్చు. కానీ ఒక మనిషి స్థానం మారితే వెనుక వరుసలో ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీని పూడ్చినవాడి స్థానంలో మరో ఖాళీ. జట్టంతా ఒక్కొక్క అడుగు జరగాలి. అలా జరిగినా దక్షిణ వియత్నాంపై, ఆ తర్వాత ఫైనల్లో దక్షిణ కొరియాపై జట్టు నడక చెదరలేదంటే, ఆ సర్దుబాటుకు వారు ముందే అలవాటుపడి ఉండాలి. యూసుఫ్ ఖాన్, బలరాం రహీం చేతికింద హైదరాబాదులో ఎదిగినవారు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, అరుణ్ ఘోష్ బెంగాలు ఆటగాళ్ళయినా 1960 రోమ్ ఒలింపిక్స్ నాటికే ఆయన శిక్షణలో ఉన్నారు. జకార్తా నిర్ణయాన్ని ఆ ఒక్క రాత్రి లెక్కలోంచి తీసి ఈ కాలక్రమంలో పెడితేనే అది అర్థమవుతుంది.

సెప్టెంబరు 4న ఫైనల్. తొలి ఆటలో ఓడించిన దక్షిణ కొరియాయే మళ్ళీ ఎదురుగా నిలిచింది. ఆ రోజు జట్టులో గాయపడినవాడు జర్నైల్ ఒక్కడే కాదు. త్రిలోక్ సింగ్ కాలివేలి గాయంతో ఆడాడు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఫ్లూతో బాధపడడంతో అంతకుముందు ఆటల్లో ప్రద్యుత్ బర్మన్ ఆడాడు. ఫైనల్‌కు రహీం మళ్ళీ తంగరాజ్‌ను దించారు. కొరియన్లు ఎత్తైన బంతులతో దాడి చేస్తారు, తంగరాజ్ చాలా పొడగరి. బాగా ఆడిన వాణ్ణి పక్కనపెట్టి అప్పుడే కోలుకున్న వాణ్ణి తీసుకోవడం బర్మన్ వైపు నుండి చూస్తే న్యాయంగా తోచదు. జర్నైల్ నిర్ణయానికి దక్కిన కీర్తిలో ఈ రెండవ నిర్ణయం మరుగున పడిపోయింది. వ్యూహం దృష్టితో చూస్తే రెండింటికీ ప్రాతిపదిక ఒక్కటే: ఎదుటి జట్టు ఏ ఆట ఆడుతుందో దాన్నిబట్టి, ఏ శరీరం ఏ స్థానంలో ఇంకా ఎంత పని చేయగలదో కొలవడం.

17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్స్ చేశారు. చివరలో కొరియా ఒకటి తిరిగి చేసినా ఆట 2-1తో ముగిసింది. భారత జట్టు మీద కేకలు వేస్తున్న ఆ స్టేడియంలో పాకిస్తాన్ హాకీ జట్టు సభ్యులు భారత్‌ను ప్రోత్సహించారని ఆటగాళ్ళు తరువాతి కాలంలో చెప్పారు. దేశవిభజన గాయం ఇంకా పచ్చిగా ఉన్న కాలం అది. సొంత ఊరి బంధువులు సరిహద్దు ఆవల ఉన్న పాతబస్తీ కుటుంబాలకు ఈ చిన్న విషయం ఎలా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు.

4. అదే సంవత్సరం, మరో సమాధానం

ఈ నిర్ణయం విలువను తూచడానికి అదే 1962లో చిలీలో జరిగిన ప్రపంచ కప్పు పక్కన పెట్టి చూడాలి. జూన్ 2న చెకోస్లొవాకియాతో ఆటలో పెలే గాయపడి పోటీలకు దూరమయ్యాడు. బ్రెజిల్ అతని స్థానంలో అమరిల్డోను తీసుకుంది. స్పెయిన్‌పై అతడు రెండు గోల్స్ చేశాడు, జూన్ 17న ఫైనల్లో చెకోస్లొవాకియాపై ఒకటి చేశాడు. కప్పు బ్రెజిల్‌కే దక్కింది. ఇది లోతైన జట్టు ఇచ్చిన సమాధానం. పనివాడు పడిపోతే అదే పని తెలిసిన మరొకడు లేచి నిలబడతాడు, తక్కినవారు తమ చోట్లు కదల్చనవసరం లేదు.

రహీంకు అమరిల్డో వంటి మరొక జర్నైల్ లేడు. ఉన్న జర్నైల్‌నే మరొక పనికి వాడుకున్నారు. ప్రపంచ కప్పులో ఆట మధ్యలో ఆటగాణ్ణి మార్చే వెసులుబాటు 1970 మెక్సికో పోటీలదాకా రాలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ కాలపు శిక్షకుడికి గాయం అంటే ఆట మొదలుకాక ముందే ముగించవలసిన లెక్క. తప్పితే తొంభై నిమిషాలు భరించవలసిందే.

5. వేలం కాలంలో గాయం

భారతదేశంలో జట్ల నిర్మాణం 2008 తర్వాత వేలంపాటల చేతుల్లోకి వెళ్ళింది. ఫుట్‌బాల్‌లో ఇండియన్ సూపర్ లీగ్ 2014లో దేశీయ ఆటగాళ్ళకు డ్రాఫ్ట్ పద్ధతినే పాటించింది. కబడ్డీ వేలంలో తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ ఉంది. 2022 ప్రొ కబడ్డీ వేలంలో తమిళ్ తలైవాస్ 2.26 కోట్ల రూపాయలకు కొన్న పవన్ సెహ్రావత్ అక్టోబరు 8న తన తొలి ఆటలోనే మోకాలి గాయంతో ఆ సీజన్‌కంతా దూరమయ్యాడు. తలైవాస్ కుప్పకూలలేదు. తొలి సీజన్ ఆడుతున్న కుర్రవాడు నరేందర్ రెయిడింగ్ భారం మోయగా, ఆ జట్టు మొదటిసారి ప్లేఆఫ్స్ చేరి సెమీఫైనల్ ఆడింది. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ పవన్‌ను 2.605 కోట్లకు దక్కించుకుంది. మోకాలి చరిత్ర అతని ధరను తగ్గించలేదు, పెంచింది. ఆ సీజన్లో టైటాన్స్ 22 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. పవన్ ఆట బాగానే సాగింది, జట్టు మాత్రం గెలవలేదు.

ఇందులో తలైవాస్ కథే రహీం మార్గానికి దగ్గరది, వారు కోరి ఎంచుకున్న మార్గం కాకపోయినా. టైటాన్స్ కథ బయటినుండి ఒక్క మనిషిని తెచ్చి లోటంతా పూడ్చవచ్చనే నమ్మకం మీద నిలిచింది. వేలం లేని కాలంలో హైదరాబాదుకు ఆ నమ్మకమే పెట్టుకునే అవకాశం లేకపోయింది. పైగా ప్రవాహం ఎదురుదిశలో సాగింది. బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. కలకత్తా క్లబ్బులు హైదరాబాదును తమ నర్సరీగా చూశాయి. ఊరు తయారుచేసిన వారిని ఊరే కోల్పోతున్నప్పుడు మిగిలినవారికి రెండేసి పనులు నేర్పడం రహీంకు తప్పనిసరి అవసరమైంది.

6. శరీరం ఖరీదు

ఇంతవరకు చెప్పినదంతా వ్యూహం వైపు నుండి. దానికి మరో పార్శ్వం ఉంది. తలకు కుట్లు పడిన మనిషిని అంతర్జాతీయ ఆటలో దించడం నేటి వైద్య ప్రమాణాల ప్రకారం అంగీకరించదగినది కాదు. తలదెబ్బ తగిలిన ఆటగాణ్ణి వెంటనే బయటికి తీసి అతని స్థానంలో అదనపు మార్పిడిని అనుమతించే ప్రయోగాలను ఫుట్‌బాల్ నియమాల మండలి 2020 డిసెంబరులో ఆమోదించింది. 1962లో అటువంటి ఆలోచన ఎవరికీ లేదు. త్రిలోక్ కాలివేలు, తంగరాజ్ జ్వరం, జర్నైల్ కుట్లు అన్నీ ఆనాటి పత్రికలకు వీరగాథలోని అలంకారాలు. చరిత్రకారుడికి అవి ఖర్చుల పద్దు. రహీంను కొనియాడుతూ వచ్చిన రచనలు, 2024లో విడుదలైన హిందీ చిత్రం 'మైదాన్' సహా, ఈ పద్దును తెరవడానికి ఇష్టపడవు. జర్నైల్‌ను వెనుక వరుస నుండి ముందుకు జరపడంలో తలను కాపాడాలనే ఆలోచన కొంత ఉందని పైన చేసిన విశ్లేషణ సూచిస్తుంది. అయినా పూర్తిగా కాపాడే మార్గం అతణ్ణి ఆడించకపోవడమే. రహీం దాన్ని ఎంచుకోలేదు. ఆయనను గౌరవిస్తూనే ఈ మాట చెప్పవలసి ఉంటుంది.

ఆయన తన శరీరాన్ని కూడా అదే కొలతతో చూసుకున్నారు. ఫైనల్ నాటికే ఊపిరితిత్తుల కాన్సరు ఆయనను పట్టుకుంది. 1963 జూన్ 11న మరణించారు. అదే సంవత్సరం ఊపిరితిత్తుల జబ్బుతో బలరాం 27 ఏళ్ళకే ఆట విరమించాడు. ముందు వరుసలో అతడు వదిలిన ఖాళీని సర్దే మనిషి అప్పటికి లేడు. జర్నైల్ సింగ్ తన పాత చోటుకే తిరిగి వెళ్ళాడు. 1965 నుండి 1967 వరకు భారత జట్టుకు నాయకత్వం వహించినప్పుడు అతడు ఆడింది స్టాపర్‌గానే.